కోయకుండా అడ్డుకోత

టేకు దుంగను అడ్డంగా కోస్తే వృత్తం, ఏటవాలుగా కోస్తే దీర్ఘవృత్తం, నిలువునా చీలిస్తే దీర్ఘచతురస్రం. చుట్టూ అడవి ఉన్న ఏటూరునాగారంలో ఘనాకారాల పాఠం ఇంతవరకు సాఫీగానే సాగుతుంది. అప్పుడే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేస్తుంది: "సార్, కోయకుండానే లోపల తొర్ర ఉందో లేదో చెప్పొచ్చా?"

చెప్పొచ్చు. ఆ పని చేసేదే సీటీ స్కానర్. దాని బిల్లు అందరికీ తెలుసు, కిటుకే ఎవరూ చెప్పరు.

మామూలు ఎక్స్‌రే ఒక నీడ. తొర్ర ఉందని చెబుతుంది కానీ ఎంత లోతులో ఉందో చెప్పదు. అందుకే ఒకే ఎత్తులో దుంగ చుట్టూ తిరుగుతూ సన్నటి కిరణాలు పంపాలి. ఒక్కో కిరణం ఎంత బలహీనపడి బయటికొచ్చిందో చూస్తే, దారిలో దానికి అడ్డొచ్చిన చెక్క ఎంతో తెలుస్తుంది. తొర్ర గుండా వచ్చిన కిరణం తక్కువ నష్టపోతుంది. అది వచ్చిన దారి వెంట కాగితం మీద ఒక చార గీయండి. మరో కోణం నుంచి మరో చార. అన్నీ తొర్ర దగ్గరే కలుస్తాయి. చిక్కల్లా, ఆ కూడలి చుట్టూ కూడా చారలు పేరుకుని బొమ్మ మసకబారుతుంది.

దీనికి 1971లో జి.ఎన్. రామచంద్రన్ (కొల్లాజెన్ అనే ప్రోటీన్ నిర్మాణం విప్పిన ఆయనే), ఎ.వి. లక్ష్మీనారాయణన్ చూపిన ఉపాయమంటే నాకు ప్రాణం. చార గీసే ముందే దానికి అటూ ఇటూ కాస్త రుణ విలువ చేర్చాలి. చారలు కలిసినచోట మధ్యలో ధనం నిలుస్తుంది, చుట్టూ పేరుకోబోయే మసకను రుణాలు తినేస్తాయి. ఈ వడపోతకు రామ్-లాక్ అనే పేరు నిలిచిపోయింది.

యంత్రం పుట్టింది మాత్రం ఇంగ్లండ్‌లో, గ్రామఫోను రికార్డులమ్మే ఇ.ఎం.ఐ. కంపెనీలో. అక్కడి ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ ప్రయోగశాలలో తొలి స్కాన్‌కు 9 రోజులు పట్టింది. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగిని స్కాన్ చేశారు. 180 కోణాలు, కోణానికి 160 కొలతలు, అంటే 28,800 అంకెలు. వాటి నుంచి వచ్చింది 80 గళ్ల పొడవు, 80 గళ్ల వెడల్పున్న బొమ్మ.

కొలతల నుంచి బొమ్మ కట్టే ఈ గణితాన్ని భౌతికశాస్త్రవేత్త కోర్మాక్ 1963, 1964లలోనే అచ్చువేశాడు. పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. వ్యాసం ప్రతి పంపమని అడిగిన కొద్దిమందిలో స్విట్జర్లాండ్‌లోని మంచుచరియల పరిశోధన కేంద్రం ఒకటి! తమాషా ఏమిటంటే, 1917లోనే గణితవేత్త రాడాన్ దీనికి సూత్రం రాసిపెట్టాడని కోర్మాక్‌కు కూడా చాలా ఏళ్లు తెలియదు. 1979లో నోబెల్ హౌన్స్‌ఫీల్డ్, కోర్మాక్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఇద్దరిలో ఎవరికీ డాక్టరేట్ లేదు.

తర్వాత యంత్రం రోగి చుట్టూ మెలికలుగా తిరగడం నేర్చింది, స్కాన్‌కు పట్టే నిమిషాలు సెకన్లయ్యాయి. ఇప్పుడు వందల అడ్డుకోతలను దొంతరగా పేర్చి, ఆ దొంతరనే కంప్యూటర్లో నిలువునా, ఏటవాలుగా, కావలసిన కోణంలో మళ్లీ కోస్తున్నారు.