ఒక్క అంకె తప్పుకే మార్కు ఎందుకు పోతుంది?



"పేరులో 2 బదులు 1 రాస్తే మార్కు కట్ చేస్తారా మేడమ్?" పేరెంట్స్ మీటింగ్‌లో తరచూ వినే ప్రశ్న ఇది. కట్ చేయాల్సిందే. కెమిస్ట్రీలో ఆ అంకె మారితే పదార్థమే మారిపోతుంది.

బీరువాలో పెట్టే కలరా ఉండలు మీకు తెలుసు కదా. వాటిని చాలాకాలంగా నాఫ్తలీన్‌తో చేస్తున్నారు. ఒక అంచుని పంచుకున్న రెండు కార్బన్ వలయాలే దాని అణువు. సుమారు 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దానికి ఒక మిథైల్ గ్రూపు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, తగిలిద్దాం. 2వ స్థానంలో తగిలిస్తే దాదాపు 35 డిగ్రీలకు కరిగే గడ్డ వస్తుంది (మే నెల బెజవాడలో అదీ నిలవదు లెండి). 1వ స్థానంలో తగిలిస్తే మన ఇంటి డీప్ ఫ్రీజర్లో కూడా గడ్డకట్టని నూనెలాంటి ద్రవం. రెండింటిలోనూ 11 కార్బన్లు, 10 హైడ్రోజన్లే!

1వ స్థానం వలయాలు కలిసే చోటుకు పక్కనే ఉంటుంది. అక్కడి మిథైల్‌కు అవతలి వలయం మీది హైడ్రోజన్ అడ్డొస్తుంది. అణువు ఒక పక్కకు ఉబ్బి, పక్కవాటితో వరుసగా సర్దుకోలేదు. 2వ స్థానం చివర్లో ఉంటుంది కాబట్టి అణువు పొడవుగా ఉండి చక్కగా పేరుకుంటుంది. మరగడం మాత్రం రెండూ 240 డిగ్రీల చుట్టుపక్కలే. అప్పటికి ఆ వరుస ఎప్పుడో చెదిరిపోయింది మరి.

డీజిల్ ఎంత సులువుగా అంటుకుంటుందో కొలిచే సీటేన్ స్కేలులో ఒకప్పుడు "సున్నా" 1-మిథైల్ నాఫ్తలీన్‌దే.

మీ అబ్బాయో అమ్మాయో పేర్లు బట్టీ పడుతుంటే, రెండు వలయాలు గీసి అంకెలు వేయమనండి. తప్పు అక్కడే దొరుకుతుంది.

అన్నట్టు, కలరా ఉండలు చిన్నపిల్లలకు అందనివ్వకండి. మింగితే ఎర్ర రక్తకణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.