బంగారు పాము చెప్పిన రహస్యం

పాము పేరెత్తితే కర్రకోసం చూసేవాళ్ళం మనం. ఆ పామునే నమ్ముకుని పైకి వచ్చిన శాస్త్రజ్ఞుడొకరు మన హైదరాబాదులో వుండేవారు. ఆయన పేరు లాల్జీ సింగ్.

1947లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో, కల్వారీ అనే పల్లెలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములమీద పరిశోధించి 1971లో డాక్టరేటు అందుకున్నారు. ఆడా మగా తేల్చే క్రోమోజోముల జంట మనుషుల్లో మగవాడికి రెండు రకాలుగా వుంటుంది. పాముల్లో ఆడదానికి అలా వుంటుంది. ఆడపాముకే ప్రత్యేకమైన ఆ క్రోమోజోములో ఏముందో చూద్దామని ఆయన ఎడింబరోలో ఏళ్ళ తరబడి కూర్చున్నారు. చివరికి పసుపు, నలుపు పట్టీల కట్లపాములో దొరికింది. వంశపు చిట్టా అనదగ్గ డి.ఎన్.ఎ.లో నాలుగక్షరాల మాట ఒకటి, ‘గాటా, గాటా, గాటా’ అని జపం చేసినట్టు మళ్ళీ మళ్ళీ వస్తోంది!

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ఈ పాముల శాస్త్రీయ నామం బుంగారస్. అది మన తెలుగు ‘బంగారు’ మాటే. విశాఖపట్నంలో కంపెనీ కొలువు చేసిన పాట్రిక్ రస్సెల్ దొర మనవాళ్ళు ‘బంగారు పాము’ అనగా విని, 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఎక్కించాడు.

లాల్జీ సింగ్‌గారు 1987లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి వచ్చారు. డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిని అప్పటికే ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టాడు. మనవాళ్ళు అదే పనికి పాములో దొరికిన ఆ జపాన్ని పనిముట్టు చేసుకున్నారు. ఆ మాట మనుషులందరిలోనూ వుంది. ఎక్కడ ఎన్నిసార్లు వస్తుందన్నదే మనిషికీ మనిషికీ తేడా. తండ్రెవరో తేలని బిడ్డల తగాదాలు దానితో తేలాయి. 1991లో రాజీవ్ గాంధీ హత్య దర్యాప్తులోనూ అక్కరకు వచ్చింది. కోర్టుల సంగతులు పత్రికలు చాలానే రాశాయి. నా మనసుకు పట్టింది మాత్రం మరొకటి.

తండ్రీబిడ్డలను తేల్చే పరీక్ష సింహాలకు పనికిరాదా? గిర్ అడవిలోని సింహాలు ఒకప్పుడు బాగా తగ్గిపోయి, మిగిలిన కొద్దిపాటివాటి నుంచే పెరిగినవి. దగ్గర చుట్టాల్లోనే సంబంధాలు చేసుకుంటూ పోతే ఏమవుతుందో మేనరికాలు ఎరిగిన మనకు వేరే చెప్పాలా! పైగా జంతుప్రదర్శనశాలల్లో కొన్ని ఆఫ్రికా సింహాలతో కలిసిపోయాయి. ఏది అసలుదో, దేనికి దేన్ని జత చేయాలో రక్తపు బొట్టు చెబుతుంది.

అత్తాపూర్‌లోని లాకోన్స్ అనే పరిశోధనశాల ఈ ఆలోచన ఫలమే. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని జాతికి అంకితం చేశారు. అంతకు ముందే, 2006లో, కృత్రిమ గర్భధారణతో ‘స్పాటీ’ అనే చుక్కల లేడిపిల్ల పుట్టింది. వేటగాళ్ళకూ అక్కడ చిక్కే వచ్చిపడింది: ‘మేకమాంసమండీ’ అని బుకాయిస్తే చిన్న ముక్క చాలు, అది కృష్ణజింకదా కాదా అన్నది బయటపడుతుంది.

అడవిని నరుక్కుంటూ, జాతిని గాజుగొట్టంలో దాస్తే ఏం లాభమని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. అడవిలేని లేడి నా దృష్టిలో బొమ్మే. అయితే మూషిక జింక సంగతి వినండి. కుందేలంత జీవి, పగలు కంటబడదు. హైదరాబాదు జంతుప్రదర్శనశాలతో కలిసి లాకోన్స్‌వారు 2010 నుంచి దాన్ని పెంచారు. సూది గుచ్చి బెదరగొట్టకుండా, పెంటికలు పరీక్షించే అది చూలుతో వున్నదీ లేనిదీ తెలుసుకునేవారు!

లాల్జీ సింగ్‌గారు 2017 డిసెంబరు 10న కాశీలో కన్నుమూశారు. హైదరాబాదులో పుట్టి పెరిగిన మూషిక జింకలు కొన్ని ఆ యేడే నల్లమలలోని అమ్రాబాద్ అడవి చేరాయి.