పసిపిల్లలతో కొండ ప్రయాణం: ఏ కొండకు వెళ్దాం?



సెలవులు దగ్గర పడేకొద్దీ మా పిల్లల ఓపీలో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "డాక్టరు గారూ, ఈసారి కారులో కొండలకు వెళ్దామనుకుంటున్నాం. చిన్నదానికి ఏడాదిన్నర. అరకు మంచిదా, ఊటీ మంచిదా?" టీకాలకు వచ్చినవారు అడుగుతారు, ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి ఆవరణలో కలిసినవారూ అడుగుతారు. అందుకే ఈ సంచికలో దాని గురించే రాస్తున్నాం.

ఏ కొండ అందంగా ఉంటుందో తరువాత చూద్దాం. మీ ఇంట్లో అందరికంటే చిన్న బిడ్డ ఎంత ప్రయాణం తట్టుకోగలదో ముందు ఆలోచించండి. కొండను ఆ బిడ్డ కొలతతో ఎంచుకోండి. ఆదికాండము 33వ అధ్యాయంలో ఏశావు కలిసి వెళ్దామని పిలిచినప్పుడు యాకోబు చేసిన పని ఇదే. తన పిల్లలు లేతవారని చెప్పి, అన్నను ముందు వెళ్ళమని, తాను వాళ్ళ నడకకు సరిపడేలా నెమ్మదిగా వస్తానని అన్నాడు. ఇంటి పెద్దగా ఆయన తీసుకున్న ఆ నిర్ణయం నేటి తల్లిదండ్రులకూ పనికివస్తుంది.

కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టండి

మైదానంలో 100 కిలోమీటర్లు రెండు గంటల్లో వెళ్ళవచ్చు. ఘాట్ రోడ్డు మీద లారీల వెనుక, మలుపుల్లో, మంచులో అదే దూరం రెట్టింపు సమయం పడుతుంది. విశాఖపట్నం నుండి అరకు లోయ సుమారు 115 కిలోమీటర్లే అయినా, పిల్లలతో ఆగుతూ వెళ్తే నాలుగు గంటలు అనుకోవాలి.

ఐదేళ్ళ లోపు పిల్లలుంటే రోజుకు ఐదారు గంటలకు మించి కారులో కూర్చోబెట్టవద్దని మేము చెబుతాం. ప్రతి రెండు గంటలకు ఒకసారి బండి ఆపి, బిడ్డను కిందకు దించి, పాలు పట్టి, డయాపరు మార్చి, కాసేపు తిరగనివ్వాలి. ఘాట్ రోడ్డు ఎక్కడం పగటి వెలుగులోనే పూర్తి కావాలి. మూడు నెలల లోపు శిశువు ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడం మంచిది. కొండ ఎక్కడికీ పోదు.

మలుపులు, వాంతులు

కారు తిరుగుతున్నప్పుడు చెవి లోపలి భాగం కదలికను గ్రహిస్తుంది. పుస్తకంలోనో ఫోనులోనో ఉన్న కళ్ళు మాత్రం ఏమీ కదలడం లేదని చెబుతాయి. ఈ రెండు కబుర్లూ పొసగక మెదడు తికమకపడుతుంది. అప్పుడే కడుపులో తిప్పడం, చెమటలు, వాంతులు. రెండేళ్ళ లోపు పిల్లల్లో ఇది అరుదు. రెండు నుండి పన్నెండేళ్ళ మధ్య ఎక్కువ. మీ బాబుకు ఊళ్ళో ఆటోలోనే డోకు వస్తుంటే, మలుపులు తక్కువ ఉన్న కొండను చూసుకోండి.

బయలుదేరే ముందు ఖాళీ కడుపుతో ఉంచవద్దు, నూనె పూరీలూ పెట్టవద్దు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. ఘాట్ మీద ఫోను చేతికివ్వకుండా కిటికీలోంచి దూరంగా ఉన్న కొండను చూపించండి. అద్దం కొద్దిగా దించండి, కారులో సెంటు వాసనలు వద్దు.

వాంతులు ఆపడానికి కొందరు మందుల షాపులో అడిగి సిరప్ పోస్తుంటారు. ఈ పని చేయవద్దు. ప్రోమెథజైన్ అనే మందు రెండేళ్ళ లోపు పిల్లలకు ఊపిరి మందగించేలా చేయగలదు. ఆ వయసులో అది అసలు ఇవ్వకూడదు. పెద్ద పిల్లలకైనా బరువును చూసి డాక్టరు రాసిన మోతాదే ఇవ్వాలి.

ఎత్తు, చలి

ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు చల్లదనం సుమారు 2 డిగ్రీలు పెరుగుతుందని గుర్తుంచుకోండి. అరకు సుమారు 3,000 అడుగులు, హార్స్‌లీ హిల్స్ 4,100 అడుగులకు పైన, ఊటీ 7,300 అడుగులకు పైన. అంటే మైదానంలో 35 డిగ్రీలున్న రోజు ఊటీలో 20 దగ్గర ఉండవచ్చు. రాత్రికి ఇంకా తగ్గుతుంది. చింతపల్లి దగ్గరి లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత 0 డిగ్రీలకు చేరువవుతుంది. పెద్దలకు అది సరదా కావచ్చు. ఒంటిలో వేడిని నిలుపుకోలేని పసికందుకు అది ప్రమాదం.

ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, ఆయాసం సాధారణంగా 8,000 అడుగులు దాటాకే మొదలవుతాయి. కాబట్టి మన దక్షిణాది కొండల్లో దాని భయం తక్కువ. లద్దాఖ్‌లోని లేహ్ వంటి చోట్ల సంగతి వేరు, అవి 11,000 అడుగులకు పైన ఉన్నాయి. తలనొప్పిగా ఉందని నోటితో చెప్పలేని బిడ్డను అక్కడికి తీసుకువెళ్ళకపోవడమే మేలు. ఉబ్బసం, గుండె జబ్బు, సికిల్ సెల్ వ్యాధి ఉన్న పిల్లలను, ఈమధ్యే నిమోనియా నుండి కోలుకున్నవారిని ఏ కొండకు తీసుకువెళ్ళాలన్నా ముందుగా డాక్టరుకు చూపించండి.

చలి విషయంలో ఒక ముఖ్యమైన హెచ్చరిక. గది వెచ్చబడాలని తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టకండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఒక మందపాటి స్వెట్టరు కంటే రెండు మూడు పలుచని బట్టలు ఒకదానిపై ఒకటి వేసి, టోపీ, సాక్సు తొడిగితే బిడ్డ వెచ్చగా ఉంటుంది.

కొండ దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి. అప్పుడు పెద్ద పిల్లలకు గుటకలుగా నీళ్ళు తాగించండి. పసిబిడ్డకు పాలు పట్టాలంటే బండి ఆపే పట్టండి.

దోమలు, నీళ్ళు

అరకు, పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో మలేరియా ఉంది. వానలు మొదలైన తరువాతి నెలల్లో ఇంకా ఎక్కువ. మలేరియా దోమ సాయంత్రం నుండి తెల్లవారే దాకా కుడుతుంది. చీకటి పడక ముందే పిల్లలకు పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేయండి. గదిలో దోమతెర ఉందా అని ముందే ఫోను చేసి అడగండి, లేకపోతే ఇంటి నుండి తీసుకువెళ్ళండి. వాన రోజుల్లో ఘాట్ మీద కొండచరియలు కూడా విరిగిపడతాయి. చిన్నపిల్లలతో అయితే ఆ కొండలకు వానలు వెనకబట్టాకే వెళ్ళండి.

నీళ్ళు కాచి చల్లార్చినవి లేదా సీలు ఉన్న సీసావి మాత్రమే ఇవ్వండి. ఊటనీరు స్వచ్ఛమైనదని చాలామంది అనుకుంటారు. పైన పశువులు తిరిగే చోటు నుండే అది రావచ్చు.

మూడు కొండలు, మూడు కుటుంబాలు

పై కొలతలతో మూడు కొండలను చూద్దాం.

*హార్స్‌లీ హిల్స్:* మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరం. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ దొర 19వ శతాబ్దంలో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఘాట్ రోడ్డు కొద్ది కిలోమీటర్లే, ఎత్తు మధ్యస్థం, దిగితే మదనపల్లెలో ఆసుపత్రులున్నాయి. రాయలసీమలో, బెంగళూరులో ఉన్న మనవాళ్ళు ఉదయం బయలుదేరి మధ్యాహ్న భోజనానికి చేరవచ్చు. ఏడాది, రెండేళ్ళ పిల్లలున్న ఇంటికి మేము మొదట చెప్పేది ఇదే. ఈ మదనపల్లె దగ్గరే 20వ శతాబ్దం మొదట్లో పలు మిషన్లు కలిసి ఆరోగ్యవరంలో క్షయ రోగుల ఆసుపత్రిని స్థాపించాయి. రోగి ఊపిరికి ఏ గాలి మంచిదో చూసి చోటు ఎంచుకున్న మన పెద్దల పద్ధతినే మనం పిల్లల విషయంలో పాటించవచ్చు.

*అరకు:* విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వారికి దగ్గర. అనంతగిరి మలుపులకు డోకు వచ్చే పిల్లలుంటే, విశాఖ నుండి కిరండూల్ వెళ్ళే రైలులో తల్లీపిల్లలు వెళ్ళి, కారును తండ్రి తీసుకురావచ్చు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, నేల తడిగా ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని దిగేవారు చేతిలో ఇంకేమీ పట్టుకోకూడదు. హైదరాబాదు నుండి నేరుగా కారులో అరకు వెళ్ళడం పసిపిల్లలకు శిక్షే. రాత్రి రైలులో విశాఖ చేరి, అక్కడ కారు మాట్లాడుకోండి. నగరం దాటితే చాలనుకునే హైదరాబాదు వారికి వికారాబాదు అనంతగిరి సుమారు 80 కిలోమీటర్లలోనే ఉంది. అది పెద్ద ఎత్తు కాదు. అయినా మూడేళ్ళ పిల్లవాడికి చెట్లు, కోతులు ఉంటే అదే కొండ.

*ఊటీ:* హైదరాబాదు నుండి 800 కిలోమీటర్లకు పైనే. మధ్యలో కనీసం ఒక రాత్రి, పసివారుంటే రెండు రాత్రులు ఆగాలి. మైసూరు మీదుగా వెళ్తే బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. ఈ నియమం 2009లో వచ్చింది. అది తెలియక గేటు దగ్గర పిల్లలతో రాత్రంతా కారులో గడిపేవారున్నారు. మసినగుడి మీదుగా కల్హట్టి దారి దగ్గరే, కాని అందులో 36 హెయిర్‌పిన్ మలుపులు. గూడలూరు దారి చుట్టే అయినా సుఖం. 2024 మే 7 నుండి ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్ళే వాహనాలకు ఈ-పాస్ పద్ధతి పెట్టారు, బయలుదేరే ముందు నిబంధనలు చూసుకోండి. ఐదారేళ్ళు నిండి, ప్రయాణం అలవాటైన పిల్లలుంటే ఊటీ వెళ్ళండి. లేకపోతే రెండేళ్ళు ఆగండి.

కారులో బిడ్డ చోటు

తల్లి ఒడి అన్నిటికన్నా భద్రమని మనం నమ్ముతాం. ఇంట్లో అది నిజం. గుద్దుకున్న కారులో ఏ తల్లి చేతులూ బిడ్డను పట్టి ఉంచలేవు. ముందు సీటులో ఒడిలో ఉన్న బిడ్డ డ్యాష్‌బోర్డుకు, తల్లి బరువుకు మధ్య నలిగిపోతుంది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల సీటు గాని తప్పనిసరి. లేకపోతే 1,000 రూపాయల జరిమానా. పసిబిడ్డ సీటును వెనుక సీటులో, బిడ్డ ముఖం వెనుకకు ఉండేలా బిగించాలి. సీటు ఖరీదు ఎక్కువనుకుంటే, పిల్లలు ఎదిగిన సంఘ కుటుంబాలను అడగండి. అటక మీద ఉన్న సీటు ఒక బిడ్డను కాపాడవచ్చు. ప్రమాదంలో దెబ్బతిన్న సీటు మాత్రం వాడకండి.

సంచిలో ఉండవలసినవి

ఓఆర్‌ఎస్ పొట్లాలు, థర్మామీటరు, బిడ్డ బరువుకు డాక్టరు రాసిచ్చిన పారాసెటమాల్, రోజూ వాడే మందులు, ఉబ్బసం ఉంటే ఇన్‌హేలరు, టీకా కార్డు, మార్చుకునే బట్టలు, వాంతులకు కవర్లు. లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీటిలోనే కలపాలి, గ్లాసులో కొంచెం కొంచెం వేయకూడదు. విరేచనం అయిన ప్రతిసారి రెండేళ్ళ లోపు బిడ్డకు పావు నుండి అర కప్పు, పెద్ద పిల్లలకు అర నుండి ఒక కప్పు, చెంచాతో నెమ్మదిగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. దారిలో ఏ ఊళ్ళో ఆసుపత్రి ఉందో కాగితం మీద రాసుకోండి, కొండ మీద ఫోను సిగ్నలు అన్నిచోట్లా అందదు. అందిన చోట 108 గుర్తుంచుకోండి.

బిడ్డ పాలు గాని నీళ్ళు గాని తాగలేకపోయినా, తాగినదంతా కక్కినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసినా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా యాత్ర అక్కడితో ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. గదికి కట్టిన డబ్బు పోతుందని ఆలోచించవద్దు.

తిరిగి వచ్చాక

ఇది అందరూ మరచిపోయే మాట, ప్రాణాలకు సంబంధించిన మాట. ఏజెన్సీ నుండి వచ్చిన వారం తరువాత బిడ్డకు జ్వరం వస్తే "ప్రయాణ బడలిక, నీళ్ళు మారాయి" అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. మలేరియా దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, వారం నుండి కొన్ని వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. చిన్నపిల్లల్లో ఫాల్సిపారం మలేరియా ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకు ఎక్కవచ్చు. సకాలంలో రక్తపరీక్ష చేస్తే మందులతో పూర్తిగా నయమవుతుంది. కాబట్టి జ్వరం వచ్చిన రోజే ఆసుపత్రికి రండి. వచ్చి, డాక్టరు అడగకపోయినా, "మేము ఫలానా కొండకు వెళ్ళి వచ్చాం" అని మొదట చెప్పండి. ఆ ఒక్క మాట మా పని సగం తేలిక చేస్తుంది.

పిల్లలకు కొండ పేరు గుర్తుండదు. అమ్మానాన్నలతో మంచులో నడవడం, దారిలో మొక్కజొన్న కంకి తినడం గుర్తుంటాయి. దానికి దగ్గరి కొండ చాలు. బయలుదేరే ముందు కారు దగ్గర అందరూ కలిసి ప్రార్థన చేసుకోండి, బెల్టులు పెట్టుకోండి, నెమ్మదిగా వెళ్ళి క్షేమంగా రండి. ప్రభువు మీ రాకపోకలలో తోడై ఉండును గాక.