ఒక టోన్ దిగిన హారన్

విజయవాడలో బెంజ్ సర్కిల్ దాటి ఫ్లైఓవర్ దిగే చోట, రాత్రిపూట సర్వీసు రోడ్డు మీద కాసేపు నిలబడండి. లారీ ఏదైనా హారన్ కొడుతూ వస్తే చెవిపెట్టి వినండి. ఎదురొస్తున్నంతసేపూ పైశ్రుతిలో ఉన్న మోత, మనల్ని దాటగానే కిందికి జారుతుంది. హారన్ 400 హెర్ట్జ్‌దీ, లారీ వేగం గంటకు 72 కిలోమీటర్లూ అనుకుంటే, వచ్చేటప్పుడు మన చెవికి సుమారు 424 హెర్ట్జ్, వెళ్లేటప్పుడు 378 వినిపిస్తాయి. చతుశ్రుతి రిషభం నుంచి షడ్జమానికి దిగినంత తేడా అది. పాశ్చాత్య సంగీతంలో ఆ మెట్టు పేరే 'టోన్'. ఇలా జరుగుతుందని 1842లో డాప్లర్ లెక్కకట్టాడు. 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బాలట్ వాద్యగాళ్లను రైలెక్కించి మరీ రుజువు చేశాడు.

ఈ 'టోన్' అనే మాటనే డాక్టర్లు కండరానికి వాడతారు, పెయింట్ల షాపువాళ్లు రంగుకు వాడతారు. "ఆ టోనేంటి?" అని ఇంట్లో పెద్దవాళ్లు కసురుతారు. వీటన్నిటికీ చుట్టరికం ఎక్కడ? గ్రీకులో 'టోనోస్' అంటే సాగదీయడం, బిగువు. మన తంతువు, తంత్రి, తానం పుట్టిన 'తన్' ధాతువుకు అది దగ్గరి చుట్టం. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

నూజివీడు వీణ బిరడ తిప్పుతూ చూస్తే విషయం వేలికే తెలుస్తుంది. తీగను ఒక్క టోన్ పైకి తేవాలంటే బిగువు పావు వంతుకు పైగా పెరగాలి. పైస్థాయి షడ్జమానికి తేవాలంటే నాలుగింతలు కావాలి. తీగ అంతదాకా ఆగదు, తెగుతుంది.

పురిటిగదిలో డాక్టరు చూసేదీ ఈ బిగువునే. బిడ్డ మడిచి ఉన్న చేతిని మెల్లగా చాపి వదిలితే, అది మళ్లీ ముడుచుకోవాలి. గుడ్డపేలికలా వాలిపోతే కంగారు పడాల్సిందే. వర్జీనియా అప్గార్ 1953లో ప్రకటించిన అయిదు పరీక్షల్లో ఇదొకటి. ఆరోగ్యంగా ఉన్న కండరం ఊరికే ఉన్నప్పుడు కూడా పూర్తిగా సడలదు.

రంగుకు మాత్రం తీగా లేదు, బిగువూ లేదు. అక్కడ 'టోన్' ఉత్త పోలిక.

గొంతులో ఉన్నవి పేరులోనే తంత్రులు, స్వరతంత్రులు. అవి బిగిస్తే శ్రుతి లేస్తుంది. "వచ్చాడు" అంటే కబురు, చివర కాస్త లేపితే ప్రశ్న. తెలుగులో శ్రుతి మారితే వాక్యం తీరు మారుతుంది గానీ మాట మారదు. పంజాబీలో మాటే మారిపోతుంది. మన ముందు నుంచి వెళ్లిన ఆ లారీ డ్రైవరు పంజాబీ అయితే, మన చెవికి దాదాపు ఒకేలా వినిపించే మాటను మూడు శ్రుతుల్లో పలికి గుర్రాన్నీ, కొరడానూ, కుష్ఠురోగినీ వేరుచేసి చెప్పగలడు.