ఒడ్డుకొచ్చిన మోటారుకు నీళ్ళు

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. పడవ నిలుపుకోవడానికి తగిన చేపల రేవు లేక ఇక్కడి మత్స్యకారులు తరతరాలుగా ఇసుక మీదనుంచే అలల్లోకి దిగారు, ఇసుక మీదకే తిరిగొచ్చారు. రేవు కరువై ఎన్నో కుటుంబాల మగవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయారు. ఇలాంటి తీరంలో పడవ అడుగున ఇంజిన్ బిగిస్తే కుదరదు. పడవ ఇసుకను తాకేలోపే ప్రొపెల్లర్ పైకి లేవాలి. 1979లో మద్రాసు కేంద్రంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమంలో నిపుణులు ఒడ్డున దిగే పడవల మీద పనిచేసినప్పుడు వాళ్ళకు ఎదురైన పెద్ద చిక్కుల్లో ఇదొకటి. దీనికి ఉన్న దారుల్లో ఒకటి ఇంజిన్‌ను పడవ వెనక బయటికి వేలాడదీయడం.

అలా వేలాడే ఇంజిన్లు మన తీరంలో రెండు రకాలు. ఒకటి పొడుగాటి ఇనుప కడ్డీ చివర ఫ్యాను తిరిగే ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజిన్. దీన్ని లాంగ్‌టెయిల్ అంటారు, ఎక్కువ ఫైబర్ తెప్పల మీద కనిపించేది ఇదే. రెండోది నిలువుగా నిలబడి, తలా మెడా పాదం ఒకే ముక్కగా ఉండే పెట్రోలు మోటారు. విపత్తు దళాల రబ్బరు పడవలకూ, వేగంగా వెళ్ళే గస్తీ, పర్యాటక పడవలకూ ఇదే ఉంటుంది. దళాల వాళ్ళు దీన్ని ఓబీఎం అంటారు, అంటే అవుట్‌బోర్డ్ మోటార్.

పైకి రెండూ ఒక కుదురువే అనిపిస్తాయి. కానీ లాంగ్‌టెయిల్ ఇంజిన్లలో చాలావాటిని చల్లబరిచేది గాలి. ఇసుక మీద పెట్టి తాడు లాగినా దానికేమీ కాదు, సొంత ఫ్యాను సిలిండర్ రెక్కల మీదికి గాలి తోస్తూనే ఉంటుంది. వేటకు బయలుదేరే ముందు ఒడ్డునే ఒకసారి ఆడించి చూసుకోవడం ఆ ఇంజిన్ నేర్పిన అలవాటు, మంచి అలవాటే. అదే చెయ్యి ఓబీఎం మీద పడి, “ఓపాలి స్టార్ట్ చేసి సూద్దుమా బావా” అందంటే, ఆ ఒక్కసారికే మోటారు పాదంలోని ఒక చిన్న రబ్బరు చక్రం కాలిపోతుంది. ఎందుకో తెలియాలంటే ఈ యంత్రం పుట్టుక దగ్గరికి వెళ్ళాలి.

1905లో అమెరికాలో కామెరాన్ వాటర్‌మన్ అనే యువకుడు మోటారుసైకిల్ ఇంజిన్‌ను పడవ వెనక తగిలించి డెట్రాయిట్ నదిలో నడిపి చూశాడు. అతను మొదట వాడింది గాలితో చల్లబడే ఇంజినే. నీటి మీద నడిచే యంత్రాన్ని ఆ నీళ్ళతోనే చల్లబరచవచ్చన్న ఆలోచన త్వరలోనే అందరినీ ఒప్పించింది. ఈ వ్యాపారానికి అసలు ప్రాణం పోసినవాడు ఓలే ఎవిన్‌రూడ్. 1877లో నార్వేలో పుట్టి, ఐదేళ్ళ వయసులో అమ్మానాన్నలతో అమెరికాలోని విస్కాన్సిన్‌కు వచ్చాడు, మిల్వాకీలో మెషినిస్టుగా ఎదిగాడు. ఎండాకాలంలో ఒకరోజు సరస్సు మీద విహారానికి వెళ్ళినప్పుడు, కాబోయే భార్య బెస్ ఐస్‌క్రీమ్ అడిగితే తెడ్లేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్ళి తెచ్చాడట. వచ్చేసరికి అది కరిగిపోయిందట. ఆ ఉక్రోషంలోంచే మోటారు పుట్టిందని చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమైనా, 1909లో అమ్మకానికి వచ్చిన ఆ మోటారు మాత్రం గట్టి నిజం: ఒకటిన్నర హార్స్‌పవర్, 62 పౌండ్ల బరువు, అంటే 28 కిలోలు. దాన్ని ప్రపంచానికి పరిచయం చేసే ప్రకటన రాసింది బెస్సే. కంపెనీ లెక్కలూ ఉత్తరాలూ కూడా ఆవిడే చూసేది. ఈ యంత్రం చరిత్రలో సగం పేరు ఆవిడకే దక్కాలని నేను నమ్ముతాను.

ఆ 28 కిలోల మోటారులో కుదిరిన ఏర్పాటే ఇప్పటికీ నడుస్తోంది. పైన నిలువు క్రాంక్‌షాఫ్ట్‌తో ఇంజిన్, దాన్నుంచి కిందికి దిగే ఇరుసు, అడుగున పళ్ళచక్రాలు, వాటికి ప్రొపెల్లర్. 2021లో మెర్క్యురీ కంపెనీ తెచ్చిన 600 హార్స్‌పవర్ మోటారుకు 12 సిలిండర్లు, బరువు 570 కిలోల పైమాటే. బలం నాలుగు వందల రెట్లు పెరిగినా ఇరుసు కిందికే దిగుతోంది, నీళ్ళు పైకే ఎక్కుతున్నాయి. ఎవిన్‌రూడ్ పేరుతో మోటార్లు చేయడం మాత్రం 2020లో ఆగిపోయింది.

కారులో రేడియేటర్ ఉంటుంది. లోపలి నీళ్ళే తిరిగి తిరిగి చల్లబడతాయి. ఓబీఎంకు రేడియేటర్ లేదు. కాళ్ళ కింద ఉన్న నీళ్ళను తోడుకుంటుంది, ఇంజిన్ చుట్టూ తిప్పుతుంది, పారబోస్తుంది. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతే పనికి చేరుతుంది. 200 హార్స్‌పవర్ అంటే దాదాపు 150 కిలోవాట్లు. అంతటి మోటారు పూర్తి వేగంతో పోతుంటే దానికి రెట్టింపు వేడిని, 300 కిలోవాట్ల దాకా, నీళ్ళూ పొగా కలిసి బయటికి మోసుకుపోవాలి. ఆ పొగ కూడా ఈ నీళ్ళతోనే చల్లబడి, పెద్ద మోటార్లలో చాలావరకు ప్రొపెల్లర్ నడిబొడ్డులోంచి బయటపడుతుంది.

ఈ భారమంతా మోసేది అరచేతిలో పట్టే రబ్బరు ఇంపెల్లర్. పాదం పైభాగాన, నిలువు ఇరుసుకే ఒక చిన్న కీతో దాన్ని బిగిస్తారు. దాని రెక్కలు మెత్తటివి. అది తిరిగే గిన్నె కేంద్రం కొద్దిగా పక్కకు ఉంటుంది కాబట్టి రెక్కలు ఒకవైపు వంగుతాయి, మరోవైపు విచ్చుకుంటాయి. విచ్చుకునే చోట జాగా పెరిగి నీళ్ళు లోపలికి లాగుకుంటాయి, వంగే చోట జాగా తగ్గి పైకి తోసుకుపోతాయి. నాగావళి ఒడ్డున ఆయిల్ ఇంజిన్ పెట్టి పొలం తడిపే ఆమదాలవలస రైతుకు ఫుట్‌వాల్వ్ సంగతీ, పైపులో ముందుగా నీళ్ళు నింపకపోతే పంపు ఎత్తుకోదన్న సంగతీ బాగా తెలుసు. ఈ రబ్బరు పంపుకు ఆ బాధ లేదు, గాలినైనా లాగేసి నీటిని అందుకుంటుంది. వేగం పెరిగినప్పుడు రెక్కలు గోడను వదిలి లోపలికి ముడుచుకుంటాయి. అప్పుడది మామూలు పొలం పంపులాగే నీటిని విసిరికొట్టే పంపు అయిపోతుంది. ఒకే ముక్క రెండు పద్ధతుల్లో పనిచేయడం నాకు ఈ యంత్రంలో అన్నిటికన్నా నచ్చిన విషయం.

అయితే నెమ్మదిగా తిరిగేటప్పుడు రబ్బరు గోడను రాసుకుంటూనే ఉంటుంది. ఆ రాపిడికి కందెన నీళ్ళే, వేరే నూనె లేదు. నీళ్ళు లేకుండా స్టార్ట్ చేస్తే కొన్ని సెకన్లలోనే రెక్కల అంచులు వేడెక్కి గట్టిపడతాయి, ఇంకాస్త ఉంచితే కరిగి చినుగుతాయి. “ఇంజిన్ వేడెక్కలేదు కదా, చెయ్యి పెట్టి చూశాం” అంటారు. ఇంజిన్ తల వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. పాదంలోని రబ్బరు అంతకు చాలా ముందే పాడవుతుంది. అందుకే తయారీదారులందరూ ఒక్క క్షణమైనా పొడిగా తిప్పొద్దని మాన్యువల్లో రాస్తారు.

మరి సముద్రం నుంచి వచ్చిన మోటారును అలా వదిలేస్తే? లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు. వానాకాలంలో నదులు కలిసి బంగాళాఖాతం ఉత్తర భాగంలో కొంత పలచబడుతుంది, అయినా చాలినంత ఉప్పు ఉంటుంది. మోటారును నిలువుగా నిలబెడితే లోపలి నీళ్ళు చాలావరకు కారిపోతాయి. మూలల్లో అర లీటరు మిగిలిందనుకుందాం. అది ఆరితే మూడు చెంచాల ఉప్పు. మామూలు ఉప్పు మళ్ళీ నీళ్ళు తగిలితే కరుగుతుంది. మొండికేసేవి కాల్షియం లవణాలు. వాటి తీరు తలకిందులు, నీళ్ళు వేడెక్కేకొద్దీ విడిపోయి గోడకు పొలుసులా అంటుకుంటాయి. కారు ఇంజిన్ 90 డిగ్రీల దగ్గర నడుస్తుంటే, ఓబీఎంలో థర్మోస్టాట్ చాలామట్టుకు 50–60 డిగ్రీలకే తెరుచుకునేలా పెట్టడానికి ఇదొక కారణం.

కాబట్టి ఒడ్డుకు రాగానే మంచినీళ్ళతో లోపల కడగాలి. ఇందుకు రెండు పద్ధతులున్నాయి, రెంటినీ కలగాపులగం చేయడం వల్లే చాలా మోటార్లు పాడవుతున్నాయి. కొత్త మోటార్ల పక్కన గొట్టం బిగించడానికి ఒక మూతి ఉంటుంది. దాని ద్వారా నీళ్ళు పైనుంచి కిందికి దిగుతాయి. అప్పుడు ఇంజిన్ ఆపి ఉంచాలని చాలా కంపెనీలు చెప్తాయి, ఎందుకంటే పాదంలోని పంపుకు ఆ నీళ్ళు సరిగా అందవు. రెండో పద్ధతిలో పాదానికి ఇరువైపులా ఉన్న జల్లెడలకు రెండు రబ్బరు కప్పులు తగిలించి, వాటికి గొట్టం పెట్టి, ఇంజిన్ నడుపుతారు. మెకానిక్కులు వీటిని మఫ్స్ అంటారు. ఇంజిన్ నడిచి వేడెక్కితేనే థర్మోస్టాట్ తెరుచుకుని, దాని వెనక ఉన్న దారుల్లోకి నీళ్ళు బాగా పోతాయి. అందుకే రెండో పద్ధతికి శ్రమ ఎక్కువైనా వీలున్నప్పుడల్లా అదే మేలని నా అభిప్రాయం.

పెద్ద మోటారు దగ్గర ఈ పద్ధతికి చిక్కు వచ్చేది నీటి ఒత్తిడితో. ఒక అంతస్తు మేడ మీద నీళ్ళ ట్యాంకు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటుంది. పది మీటర్ల ఎత్తు నీరు ఇచ్చే ఒత్తిడి ఒక బార్, అంటే మన కుళాయికి వచ్చేది 0.4 బార్. సన్నటి తోట గొట్టం ఉంటే అందులోనూ సగం దారిలోనే పోతుంది. ఆరు సిలిండర్ల వీ6 మోటారు పంపు అంతకన్నా ఎక్కువ లాగితే కప్పులు ముడుచుకుపోయి గాలి లోపలికి దూరుతుంది. నేనైతే గొట్టంతో ఇరవై లీటర్ల బకెట్టు నింపి చూస్తాను. నిమిషంలోపు నిండకపోతే ట్యాంకును నమ్ముకోను, మోనోబ్లాక్ పంపు నుంచి నేరుగా లావు గొట్టం వేస్తాను. కొన్ని పెద్ద మోటార్లకు పాదం ముక్కు దగ్గర కూడా నీటి రంధ్రాలుంటాయి. మామూలు కప్పులు వాటిని మూయవు, వాటికి వేరే కప్పులు కావాలి.

నీళ్ళు వదిలాకే తాళం తిప్పాలి. గేరు న్యూట్రల్‌లోనే ఉండాలి, ప్రొపెల్లర్ ముందే విప్పి పక్కన పెట్టాలి. కాసేపటికి మోటారు వెనక చిన్న రంధ్రంలోంచి ధార వస్తుంది, పంపు బతికుందని చెప్పే సాక్ష్యం అదే. రాకపోతే వెంటనే ఆపాలి. రంధ్రంలో ఇసుకో పురుగు గూడో అడ్డుపడిందేమో సన్న తీగతో చూసి, అప్పటికీ రాకపోతే పంపు విప్పాల్సిందే. ధార బాగానే ఉన్నా యాక్సిలరేటర్ లాగకూడదు. నీటి బరువు లేని ఇంజిన్ క్షణంలో హద్దు దాటి తిరిగేస్తుంది, పంపూ గొట్టం ఇవ్వగలిగినదానికన్నా ఎక్కువ అడుగుతుంది. ఐడిల్‌లోనే పది పదిహేను నిమిషాలు, అదీ ఆరుబయట. తలుపులు మూసిన షెడ్డులో కార్బన్ మోనాక్సైడ్ మనిషిని చడీచప్పుడు లేకుండా పడేస్తుంది.

కప్పులు లేనివాళ్ళు 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో పాదం ముంచి నడుపుతారు. 40 హార్స్‌పవర్ దాకా ఇది చక్కటి పద్ధతే. నీళ్ళు పంపు మట్టానికి పైదాకా ఉండాలి. పొగ అందులోకే వస్తుంది కాబట్టి నీళ్ళు మసిబారి, నురగలు కక్కి, క్రమంగా వేడెక్కుతాయి. పక్కనుంచి మంచినీటి గొట్టం పడుతూనే ఉండాలి.

ఏ నీళ్ళు అన్నది ఇంకో ప్రశ్న. తీరం పక్క బోర్లలో ఉప్పుచారు నీళ్ళు పడే చోట్లు ఎన్నో. ఆ నీళ్ళతో కడగడం కడగకపోవడంకన్నా కాస్త మేలు, అంతే. కళింగపట్నంలో తడిసిన మోటారును ఆమదాలవలసకు తెచ్చి నాగావళి తీపినీళ్ళతో కడుగుదామంటే దారిలోనే ఉప్పు ఆరిపోతుంది. ఒడ్డున దొరికే ఆ నీళ్ళతోనే ఒక దఫా, ఇంటికొచ్చాక మంచినీళ్ళతో ఇంకో దఫా చేయడమే దారి.

ఇక ఏటి వరద. “ఉప్పునీళ్ళు కాదు కదా, కడగడం దేనికి” అనే మాట ప్రమాదకరమైనది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వంశధార పొంగి ఊళ్ళను ముంచినప్పటి నీళ్ళలాంటివి ఎర్రటి బురద. అందులోని సన్నటి ఇసుక ఇంపెల్లర్ గిన్నెను సానపట్టి గాడులు పెడుతుంది. గాడి పడ్డ గిన్నెలో ఎంత కొత్త రబ్బరు వేసినా నీరు పక్కలనుంచి జారిపోతుంది. జల్లెడలకు గోనెపీచూ ప్లాస్టిక్ సంచులూ చుట్టుకుంటాయి. ఇంజిన్ చుట్టూ నీరు నెమ్మదించే మూలల్లో ఒండ్రు పేరుకుని, వేడికి ఇటుకలా కాలుతుంది. ఉప్పు నెలల్లో చేసే పనిని వరద బురద రోజుల్లో చేయగలదు. నాగావళిలోనో వంశధారలోనో పనిచేసి వచ్చిన ఓబీఎంను సముద్రం నుంచి వచ్చినదానికన్నా ఎక్కువసేపు కడగాలి.

రక్షణ పడవల మోటార్ల తంటా ఏమిటంటే అవి ఏడాదిలో ఎక్కువ రోజులు గదిలోనే ఉంటాయి. తుపాన్లు ఎప్పుడొచ్చాయో చూడండి: ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న, గులాబ్ 2021 సెప్టెంబర్ 26న. ఈ తేదీలు చూస్తే ఆగస్టు దాటకుండా ప్రతి మోటారునూ నీటి గొట్టం పెట్టి నడిపి చూడాలని ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. గదిలో ఉన్నంతకాలం ఇంపెల్లర్ రెక్కలు ఒకవైపు వంగే ఉంటాయి. నెలల తరబడి అలా ఉన్న రబ్బరు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. అందుకే ఒక్క గంటా నడవకపోయినా ఏటా తుపాన్ల కాలానికి ముందు దాన్ని మార్చడమే సరైనదని నేను గట్టిగా చెప్తాను. ప్రాణాలు కాపాడాల్సిన మోటారు మొత్తం ఖరీదు ముందు ఆ రబ్బరు ముక్క ఖరీదు ఏపాటిది!

మార్చేటప్పుడు పాదాన్ని నాలుగైదు బోల్టులు విప్పి కిందికి దించుతారు. అప్పుడే గేరు ఆయిలూ చూడాలి, పాలరంగులో ఉంటే సీలు దాటి నీళ్ళు చేరినట్టు. పాదానికి బిగించి ఉన్న తెల్లటి లోహపు బిళ్ళలూ చూడాలి. మోటారు అల్యూమినియానికి బదులు తాము తినబడటానికి పెట్టినవి అవి. ఉప్పునీటికి జింకు, ఏటినీటికి మెగ్నీషియం, రెంటికీ పనికొచ్చేది అల్యూమినియం మిశ్రమం. సగం అరిగితే మార్చాలి. పాత ఇంపెల్లర్ బయటికి తీశాక పారేసే ముందు దాని రెక్కలు లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే ఆ ముక్క నీళ్ళతోపాటు పైకి ఎక్కి గొట్టంలోనో థర్మోస్టాట్ దగ్గరో ఇరుక్కుని ఉంటుంది. అది దొరికాకే పాదం మళ్ళీ బిగించాలి.