చక్కెర జబ్బు - ఖర్చు తగ్గించుకునే దారి

చక్కెర జబ్బునే షుగర్ అంటాం. ఇది వస్తే రోజూ మందు వాడాలి. రోజుకు 2 బిళ్లలు అనుకుందాం. నెలకు 60 అవుతాయి. ఏడాదికి 730. కూలి చేసుకునే ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు.

అందుకే కొందరు తల్లులు చేయి ఇబ్బందిగా ఉంటే ముందు తమ బిళ్లలే ఆపేస్తారు. లేకపోతే రోజు విడిచి రోజు వేసుకుంటారు. "ఒంట్లో బాగానే ఉంది కదా" అంటారు. ఇది పొదుపు కాదు. రక్తంలో చక్కెర పెరిగినా చాలాసార్లు పైకి తెలియదు. లోపల కళ్లు, మూత్రపిండాలు, కాళ్ల నరాలు దెబ్బతింటాయి. అప్పుడయ్యే ఖర్చుకు పుస్తెలు తాకట్టు పెట్టినా చాలదు.

మరి ఖర్చు ఎక్కడ తగ్గించాలి?

బిళ్లల ధరలో

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష, బిళ్లలు ఉచితం. ఏ రోజు రావాలో ఆశా కార్యకర్తను అడగండి. బిళ్లలు అయిపోక ముందే వెళ్లండి.

బయట కొనాల్సి వస్తే జన ఔషధి దుకాణం ఉందేమో చూడండి. ప్రభుత్వం 2008లో వీటిని మొదలుపెట్టింది. ఇక్కడ మందుల ధర 50 నుంచి 90 శాతం దాకా తక్కువని ప్రభుత్వం చెబుతోంది. మెట్‌ఫార్మిన్ అనే మందునే కంపెనీలు రకరకాల పేర్లతో అమ్ముతాయి. పేరు వేరు, మందు ఒకటే. "మందు అసలు పేరు రాయండి" అని డాక్టరు గారిని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. బిళ్లల అట్ట మీద ధర, గడువు తేదీ అంకెల్లో ఉంటాయి. మీరే చదివి చూసుకోండి.

ఇన్సులిన్ దాచడంలో

సూది మందు వేడికి పాడవుతుంది. పాడైతే డబ్బు దండగ. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే దిగులు వద్దు. సీసాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా కట్టండి. నీళ్లున్న మట్టికుండలో ఉంచి, కుండను నీడలో పెట్టండి. ఫ్రిజ్ ఉంటే గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు.

తిండిలో

షుగర్ వాళ్ల బిస్కెట్లు కొననక్కర్లేదు. వాటిలోనూ పిండి ఉంటుంది. బెల్లం, తేనె కూడా చక్కెరను పెంచుతాయి. రాగులు, జొన్నలు మంచివే. అలాగని కడుపు పట్టినంత తినకూడదు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి. పెరట్లో తోటకూర, మునగాకు ఉంటే ఖర్చే లేదు. "ఈ పొడి తింటే బిళ్లలు అక్కర్లేదు" అని ఎవరైనా అమ్మితే కొనకండి. కాకరకాయ కూర తినండి. కానీ అది బిళ్లకు బదులు కాదు.

పాదాల దగ్గర

నరాలు మొద్దుబారితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు లేకుండా చేనుకు పోవద్దు. రోజూ రాత్రి కాళ్లు కడిగి, తుడిచి, అరికాళ్లు చూసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. చిన్న పుండైనా వెంటనే ఆసుపత్రిలో చూపించండి. ముదిరితే వేలో, కాలో తీసేయాల్సి రావచ్చు.

ధరలో ఆదా చేయండి. బిళ్లల్లో చేయకండి.

ఆలోచించండి: మీ ఇంట్లో నెలకు మందుల ఖర్చు ఎంత? నోటుబుక్కులో రాసి కూడండి. అందులో ఏది తగ్గించవచ్చు?