మగ్గం అట్టలో కోడింగ్.. పులి-మేకలో ప్రోగ్రామ్! రోబో కిట్ లేకున్నా సైన్స్ క్లాస్ ఇలా మారొచ్చు

కోడింగ్, రోబోటిక్స్ అనగానే హైదరాబాద్‌లోని పెద్ద పెద్ద ప్రైవేటు స్కూళ్లే గుర్తొస్తాయి చాలామందికి. మరి కర్నూలు జిల్లా గూడూరు, ఎమ్మిగనూరు, ఆదోని పిల్లల సంగతేంటి? నిజానికి కంప్యూటర్‌కు దారి చూపిన ఆలోచన ఒకటి ఈ ప్రాంతంలోని నేత ఇళ్లలోనే ఉంది. అదే జకార్డు మగ్గం.

మగ్గం పైన వరుసగా కుట్టి వేలాడదీసిన అట్టలు చూసే ఉంటారు. అట్టకు రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది. రంధ్రం లేకుంటే లేవదు. అంతే! ఉంటే 1, లేకుంటే 0. ఫ్రాన్స్‌లో 1804 నాటికి జోసెఫ్ మేరీ జకార్డ్ తెచ్చిన ఈ పద్ధతి చూసే, ఆ తర్వాత చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడాలనుకున్నారు.

దీన్ని క్లాసులో ఆటగా మార్చడానికి గళ్ల కాగితం చాలు. ఒక విద్యార్థి గళ్లు నింపి చీర బుటా గీయాలి. నింపిన గడి 1, ఖాళీ గడి 0. ఆ అంకెల్ని వరుసగా చదువుతుంటే, బొమ్మ చూడకుండా ఇంకొకరు అదే బుటా గీయాలి. తేడా వచ్చిందా.. ఏ వరుసలో తప్పిందో ఇద్దరూ కలిసి వెతకాలి. కోడింగ్ చేసేవాళ్లు రోజూ చేసే డీబగ్గింగ్ అంటే ఇదే. ఆటలతో అసలు లాభం కూడా ఇక్కడే ఉంది. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, ఆటలో అయితే ఇంకో ఛాన్స్ వస్తుంది.

పులి-మేక కూడా ఇలాంటిదే. మూడు పులులు, పదిహేను మేకలు. ఎప్పుడూ ఆడనివాళ్లకు కూడా అర్థమయ్యేలా రూల్స్ రాయమంటే పిల్లలు మొదట తడబడతారు. 'పక్క గడిలో మేక ఉండి, దాని అవతల ఖాళీ ఉంటేనే పులి దూకాలి' అని రాయగలిగితే ప్రోగ్రామ్‌లో షరతు పెట్టడం వచ్చేసినట్టే. ఆ తర్వాత స్క్రాచ్‌లోకి వెళ్లొచ్చు. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇందులో రంగు రంగుల ముక్కల్ని ఒకదానికొకటి తగిలిస్తే చాలు, ఆట తయారవుతుంది. ఏపీలో 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన ట్యాబ్‌లు ప్రధానంగా వీడియో పాఠాల కోసం. వీడియో చూడటం వేరు, తానే ఒక ఆట తయారు చేయడం వేరు.

ఇక రోబోటిక్స్. ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతు ఇంట్లో 'తేమ' అనే మాట తెలియని పిల్లలుండరు. తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర తగ్గుతుంది, 12 దాటితే అసలు కొనదు. మరి మీటర్‌కు తేమ ఎలా తెలుస్తుంది? తడి పెరిగితే కరెంటు తేలిగ్గా పారుతుంది కాబట్టి! చిన్న ఆర్డినో బోర్డు, తేమ సెన్సర్ ఉంటే పూలకుండీ మట్టిలో ఇది చేసి చూడొచ్చు. అంకె ఫలానా హద్దు దాటితే బల్బు వెలగాలని కోడ్ రాయాలి. ఆ మట్టినే గట్టిగా అదిమితే అంకె ఎందుకు మారుతోందని ఎవరో ఒకరు అడుగుతారు. ఫిజిక్స్ పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే.

ఇలాంటి పరికరాల కోసమే కేంద్రం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు తెచ్చింది. ఎంపికైన స్కూలుకు రూ.20 లక్షల వరకు సాయం, 6 నుంచి 12వ తరగతి వాళ్లకు అవకాశం. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. అయితే ల్యాబ్ వచ్చినంత మాత్రాన సరిపోదు. టైంటేబుల్‌లో పీరియడ్ లేకుంటే, నేర్పే టీచర్ లేకుంటే దానికి తాళమే. లేదంటే సైన్స్ ఫెయిర్‌కు ఫస్ట్ ర్యాంకు పిల్లలు నలుగురు వాడే గది అవుతుంది.

పశ్చిమ కర్నూలులో అంతకంటే పెద్ద చిక్కు సుగ్గి. పత్తి, మిర్చి కోతలకు గుంటూరు వైపు వెళ్లే అమ్మానాన్నల వెంట పిల్లలూ పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి. రోబో కిట్ వలసను ఆపలేదు, దానికి సీజనల్ హాస్టళ్లు కావాలి, ఊళ్లో పని కావాలి. కానీ రెండు పీరియడ్లలో పూర్తయ్యే చిన్న చిన్న ప్రాజెక్టులైతే, ఆలస్యంగా వచ్చిన పిల్లాడు కూడా ఆ రోజే టీమ్‌లో కూర్చోవచ్చు. కిట్‌కు నలుగురు చొప్పున ఉంచి, కోడ్ రాసేవాళ్లు, వైర్లు కలిపేవాళ్లు వారం వారం మారాలి. లేదంటే కీబోర్డు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది. చాలాచోట్ల ఆడపిల్లలకు నోట్స్ రాసే పనే మిగులుతుంది.

స్కూల్లో నెట్ లేదా? స్క్రాచ్‌ను ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్లలోకి ఎక్కిస్తే ఆ తర్వాత ఇంటర్నెట్ అక్కర్లేదు. పులి-మేకకైతే కరెంటు కూడా అవసరం లేదు, సుద్దముక్క చాలు.